అలుగు దూకేలోపు: చెరువుల మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

చెరువుల గురించి అడగమంటే పాఠకులు కట్టల దగ్గర్నుంచి ప్లాట్ల దాకా అన్నీ అడిగారు. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి, ఎక్కువ మందికి పనికొచ్చేవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి చెరువు ప్రకృతి ఇచ్చిన వరమని ఇంట్లో అంటారు. మా లెక్చరర్ మాత్రం ఈ చెరువులన్నీ మనుషులు చేసినవే అంటున్నారు. ఏది నిజం?
— డిగ్రీ విద్యార్థిని, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: మీ లెక్చరర్ మాటే నిజం. రాయలసీమలోగానీ తెలంగాణలోగానీ నీళ్లు తమంతట తాము నిలిచే పల్లాలు బాగా తక్కువ. నాలుగు నెలలు పారి ఎండిపోయే వాగుకు, రెండు గుట్టల మధ్య ఇరుకు చూసి అడ్డంగా మట్టికట్ట వేస్తే అది చెరువైంది. రామప్ప, పాకాల, లక్నవరం అలా పుట్టినవే. ఏడెనిమిది వందల ఏళ్లుగా అక్కడే ఉండడంతో వాటిని కొండల్లాగా, అడవుల్లాగా చూడడం అలవాటైపోయింది.

దీనికి గట్టి సాక్ష్యం మీ జిల్లాలోనే ఉంది. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఒకటుంది. చెరువు కట్టించింది విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే కట్ట పూర్తయిందని అందులో రాశారు. అంతకన్నా విలువైనది ఆ తరవాతి భాగం. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు వరసగా చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు, అడుగున గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, ఆనించుకోవడానికి కొండ, దగ్గర్లో పొడవాటి రాళ్లిచ్చే గని, పని తెలిసిన మనుషులు, ఇవన్నీ లక్షణాల్లో ఉన్నాయి. దోషాలు ఇవీ: కట్ట కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ తాబేటి వీపులా మెట్ట ఉండడం, నీళ్లు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం. కింది ప్రశ్నలు చదివాక మళ్లీ ఈ జాబితా చూడండి, మన తగాదాల్లో సగం అందులోనే కనబడతాయి.

ప్రశ్న: చెరువు మట్టి పొలంలో పోసుకోమంటున్నారు. నాది ఎర్ర చెలక, రెండెకరాలు. ఎకరాకు ఎన్ని ట్రాక్టర్లు? పొరుగు రైతు పోసి నష్టపోయానంటున్నాడు, ఎందుకు?
— రైతు, జనగామ జిల్లా

జవాబు: లెక్క తేలికే. ఎకరం నేల మీద అంగుళం మందాన మట్టి పరవాలంటే దాదాపు 100 ఘనపు మీటర్లు కావాలి. ట్రాలీలో 3 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే ఎకరాకు 34 ట్రాలీలు. మామూలు ఎర్ర చెలకకు ఇది చాలు. ఇసుక పాలు మరీ ఎక్కువైన దుబ్బ నేలైతే రెండంగుళాల దాకా పోవచ్చు, అది కూడా రెండేళ్లలో రెండు విడతలుగా. నల్లరేగడికి అసలు వద్దు. అందులో బంక ఇప్పటికే ఎక్కువ, ఇంకా పోస్తే నీళ్లు ఇంకవు.

తోలేముందు మట్టిని పరీక్షించండి. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బుపొడి వేసి బాగా ఊపి కదలకుండా పెట్టండి. ఇసుక రెండు నిమిషాల్లో అడుగుకు దిగుతుంది. ఒండ్రు దిగడానికి కొన్ని గంటలు, బంక దిగడానికి ఒక రోజు పడుతుంది. మీకు కావాల్సింది పైన ఆలస్యంగా దిగే ఆ బంక పొర. సీసాలో సగానికి పైగా ఇసుకే ఉంటే డీజిల్ ఖర్చు దండగ. ఎండిన పెళ్ల మీద తెల్లటి పొక్కు కనబడితే అది చౌడు, ఆ మట్టి తోలకండి. అనుమానముంటే భూసార పరీక్ష కేంద్రంలో ఉదజని సూచిక (పీహెచ్), లవణ సాంద్రత (ఈసీ) చూపించుకోండి. పట్నం మురుగు కలిసే చెరువు మట్టిని తిండి పంటల్లో వేయకండి, అందులో సీసం, కాడ్మియం లాంటివి పేరుకుని ఉండవచ్చు.

మీ పొరుగు రైతు ఎందుకు నష్టపోయాడో ఉత్తరం చూసి చెప్పలేం. సాధారణంగా జరిగే తప్పులు మూడు. కుప్పలు కుప్పలుగా పోసి సరిగా పరవకపోతే కుప్ప ఉన్నచోట నీళ్లు నిలుస్తాయి, మిగతాచోట మార్పే ఉండదు. మందంగా పోసి దున్నకుండా విత్తితే పైన పొర పెచ్చు కట్టి మొలక బయటికి రాదు. ఇక మూడోది, పొక్లెయిన్ వాడు పూడిక అయిపోయాక కింది గరపను కూడా ఎత్తి పోస్తాడు. ట్రాలీ మీది మట్టి రంగు మారిందంటే ఆపించండి. ఏప్రిల్, మే నెలల్లో తోలి, పలచగా పరచి, ఎండకు పెళ్లలు పగలనిచ్చి, తొలకరి పడగానే జానెడు లోతు వరకు దున్ని కలపాలి. మొదటి ఏడు తుంగ ఎక్కువ మొలుస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి.

ప్రశ్న: మా చెరువులో పూడిక తీశారు. అయినా ఆయకట్టు కొసకు నీళ్లు రాలేదు. పని సరిగా చేయలేదా?
— సాగునీటి సంఘం సభ్యుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: పని సరిగా చేసినా ఇలాగే ఉండవచ్చు. పూడికతీత నుంచి మనం ఆశించేది దాని శక్తికి మించింది.

25 ఎకరాల నీటి విస్తీర్ణమున్న చెరువులో, అంటే సుమారు 10 హెక్టార్లలో, అర మీటరు లోతు తీశారనుకోండి. కొత్తగా వచ్చే చోటు 50 వేల ఘనపు మీటర్లు. తోలాల్సిన మట్టి 16 వేల ట్రాలీలకు పైనే. ఒక ఎకరం వరికి పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల నీళ్లనుకుంటే 4,850 ఘనపు మీటర్లు. ఈ లెక్కన ఒక నిండుకు అదనంగా పండేది పదెకరాలు, ఆవిరి, ఇంకుడు తీసేస్తే ఇంకా తక్కువ. వానాకాలంలో చెరువు రెండుసార్లు నిండితే ఆ మేరకు లాభం పెరుగుతుంది.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. తూము అడుగు మట్టానికి కింద తవ్విన గుంతలోని నీళ్లు తూముకు ఎక్కవు. ఆ నీళ్లు పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బావులకు మేలు చేస్తాయి, కాలువకు మాత్రం రావు. ఆయకట్టు కోసం తీసేటట్లయితే తూము మట్టానికి పైన ఉన్న పూడికే తీయాలి, అది ఎక్కువగా చెరువు పై అంచున, వాగు కలిసేచోట ఉంటుంది. కాంట్రాక్టరు అక్కడ తవ్వడు, కట్ట దగ్గరే తవ్వుతాడు, దారి దగ్గర కదా. కట్ట ఎత్తుకు అయిదింతల దూరం లోపల తవ్వనివ్వకండి. కట్ట కాలి దగ్గర గుంత పడితే బరువు ఆనే నేల పోతుంది, నీటి ఊటకు దారి దగ్గరవుతుంది.

కొసకు నీళ్లు రాకపోవడానికి ముందు చూడాల్సింది కాలువను. తర్వాత తైబందీ జరుగుతోందో లేదో అడగండి. చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చూసుకుని, ఈ యాసంగికి ఎన్నెకరాలు, ఏ పంట అని ఊరంతా కూర్చుని ఒప్పుకునే పద్ధతి అది. తూము తీసి మూసే నీరటి లేని ఊళ్లో ఎంత పూడిక తీసినా మొదటి మడివాడిదే నీరు. శాసనంలో చెప్పిన నీళ్లు తక్కువ, నేల ఎక్కువ అన్న దోషం చాలా ఊళ్లలో మనం తరవాత తెచ్చిపెట్టుకున్నదే.

ప్రశ్న: చెరువు నిండాక కట్ట వెనక కాలి దగ్గర నీళ్లు ఊరుతున్నాయి. ప్రమాదమా? ఏం చేయాలి?
— ముగ్గురు పాఠకులు. అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం జిల్లాలు

జవాబు: ముందు గాజు గ్లాసులో పట్టి చూడండి. తేటగా, రోజూ ఒకే మోతాదులో వస్తుంటే మట్టికట్టకు అది మామూలు ఊటే. పక్కన గుర్తు పెట్టి రోజూ చూసుకుంటే చాలు. నీళ్లు బురదగా వస్తున్నా, ఊట చుట్టూ ఇసుక చిన్న పుట్టలా పేరుకుంటున్నా, మోతాదు గంటగంటకు పెరుగుతున్నా కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. బెజ్జం లోపలి నుంచి పెద్దదవుతూ పోతుంది. చివరికి కట్ట నడుము కుంగి తెగుతుంది. ఇది గంటల వ్యవహారం. వెంటనే నీటిపారుదల ఇంజనీరుకు, తహసీల్దారుకు చెప్పాలి, కింది ఇళ్లవాళ్లను ఖాళీ చేయించాలి.

అప్పుడు అందరూ చేసే తప్పు ఊట నోట్లో బస్తా కుక్కడం. కుక్కితే నీరు పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది, ఈసారి ఇంకా జోరుగా. నీటిని రానివ్వాలి, మట్టిని రానివ్వకూడదు. ఊట మీద ముందు ముతక ఇసుక, దానిపైన కంకర, ఆపైన రాళ్లు, ఒక్కొక్కటి కనీసం జానెడు మందాన వేయండి. చుట్టూ ఇసుక బస్తాలతో గుండ్రంగా బావి గోడలా కట్టి లోపల నీళ్లు నిలవనిస్తే, ఆ నీటికీ చెరువు నీటికీ మట్టంలో తేడా తగ్గి జోరు తగ్గుతుంది. బురద ఆగి తేట నీళ్లు రావడం మొదలైతే పని ఫలించినట్టు. చెరువు లోపలి వైపు నీటి మీద సుడి కనబడితే అదే బెజ్జం నోరు, అక్కడ టార్పాలిన్ పరచి బంకమన్ను బస్తాలు వేయాలి. సుడి దగ్గరికి మనిషిని దింపకండి.

తూములన్నీ తెరిచి మట్టం తగ్గించాలి. బురద ఊట లేని రోజుల్లో మాత్రం చెరువును ఒక్కసారిగా ఖాళీ చేయకండి, నానిన లోపలి వాలుకు నీటి ఊతం హఠాత్తుగా పోయి జారిపడుతుంది.

మరమ్మతు వేసవిలోనే. ఊటలు ఎక్కువగా తూము గొట్టం పక్క నుంచో, ఎలుకలు, ముళ్లపందులు తవ్విన బొరియల నుంచో, చచ్చిన చెట్టు వేరు కుళ్లి మిగిల్చిన బెజ్జం నుంచో వస్తాయి. కారిన దారిని పూర్తిగా తవ్వి, పాత కట్టలోకి మెట్లుగా కోసి, అప్పుడు కొత్త మట్టి వేయాలి. నున్నటి పాత వాలు మీద కొత్త మట్టి పోస్తే రెండూ అతకవు. పొర మందం 15 నుంచి 20 సెంటీమీటర్లు మించకూడదు. తేమ సరిపోయిందో లేదో పిడికిట పిసికి చూడండి. ఉండ నిలవాలి, చేతికి తడి అంటకూడదు. నల్లమట్టి ఒక్కటే వేస్తే ఎండకు పగుళ్లిస్తుంది. దాన్ని నడుమ గోడలా వేసి పైన మొరం కప్పాలి. అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు, నిండు మట్టానికి కనీసం మీటరు పైన కట్ట తల ఉండాలి.

ప్రశ్న: అలుగు మీద రెండు వరసల ఇసుక బస్తాలు వేసి నీళ్లు ఎక్కువ ఆపుకుంటాం. ఏటా చేసేదే. ఈ ఏడు అధికారులు తీయించారు. మాకెందుకు ఈ శిక్ష?
— రైతులు, నెల్లూరు జిల్లా

జవాబు: మీ వైపు కలుజు అన్నా, తెలంగాణలో మత్తడి అన్నా పని ఒకటే. కట్ట మీంచి పోవాల్సిన వరదను రాతి మీంచి పంపడం. మీ అలుగు పొడవు 20 మీటర్లనుకుందాం. నీరు దాని మీద 60 సెంటీమీటర్ల ఎత్తున దూకితే సెకనుకు దాదాపు 16 ఘనపు మీటర్లు బయటికి పోతాయి. మీరు 30 సెంటీమీటర్లు బస్తాలు వేశారు. కట్టకు ముప్పు లేకుండా నీరు ఎక్కగల ఎత్తు మాత్రం మారదు కదా, ఇక దూకడానికి మిగిలింది 30 సెంటీమీటర్లే. అప్పుడు పోయేది సెకనుకు 5.6 ఘనపు మీటర్లు. ఎత్తు సగమైతే పారకం మూడోవంతుకు పడిపోయింది. మిగతా వరద కట్ట తల మీద నుంచి పోతుంది, మట్టికట్ట ఆ దెబ్బకు నిలవదు.

పైగా గొలుసుకట్టులో మీ చెరువు ఒక్కటే ఉండదు. పై చెరువు తెగితే దాని నీళ్లన్నీ ఒకేసారి కింది చెరువు మీద పడతాయి, అది తెగితే ఆ కిందిది. పైవైపు కూడా నష్టముంది, నీటి మట్టం ఒక అడుగు పెరిగితే శిఖం పొలాలు, అంటే చెరువు లోపలి అంచున ఉండే పొలాలు, ఒక్కోసారి పై ఊరి దారి మునుగుతాయి. వానలు పూర్తిగా వెనకబట్టాక, వాగు పారకం సన్నగిల్లాక ఇంజనీరు ఒప్పుకుంటే చెక్క పలకలు వేసుకునే ఏర్పాటు చేయించుకోండి, క్షణంలో తీసేయొచ్చు. నానిన బస్తాలను వరదలో ఎవరూ తీయలేరు.

ప్రశ్న: చెరువు నిండా సర్కారు తుమ్మ. కొట్టిన ఏడాదికే మళ్లీ వస్తోంది.
— పంచాయతీ వార్డు సభ్యురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఈ చెట్టు మన నేలది కాదు, అమెరికా ఖండాలది. వంటచెరకు కోసం, బీడు నేలలకు పచ్చదనం కోసం 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో అటవీశాఖే నాటించింది. పేరులోని సర్కారును జనం ఊరికే తగిలించలేదు.

నేలమట్టానికి కొడితే మొదలు నుంచి పది కొమ్మలు లేస్తాయి. మొగ్గలుండే మొదలు భాగం నేల లోపల ఉంటుంది. కనీసం అడుగు లోతు వరకు తవ్వి వేరుతో పెకలించాలి. తొలకరికి నేల మెత్తబడ్డాక చేస్తే తేలిక, చెరువు నిండకముందే ముగించాలి. కాయలు రాలకముందు తీయడం ముఖ్యం. పశువులు కాయ తింటాయి, గింజ అరగకుండా పేడలో పడి మొలుస్తుంది. రెండు మూడేళ్లు వానల తర్వాత మొలకలు పీకే పని ఉపాధి హామీలో పెట్టించుకోండి. ఖాళీ అయిన జాగాను వదలకండి. మునకను తట్టుకునే నల్లతుమ్మ శిఖంలో, కానుగ అంచున నాటండి. కట్ట మీది చెట్టును మాత్రం చెరువు నిండి ఉండగా పెకలించొద్దు. వేసవిలో తీసి, గుంతను పొరలుగా దిమ్మిస చేసి పూడ్చాలి.

ప్రశ్న: గుర్రపుడెక్కకు మందు ఉందా?
— కాలనీ సంఘం, హైదరాబాద్

జవాబు: మందు కొడితే మొక్క చచ్చి అడుగుకు దిగి కుళ్లుతుంది, ఆ కుళ్లు నీటిలో ప్రాణవాయువును లాగేస్తే చేపలు చస్తాయి. పైగా మురుగు వస్తున్నంత కాలం దానికి ఎరువు అందుతూనే ఉంటుంది. ఎండల్లో రెండు వారాల్లో రెట్టింపు కాగలదు. పూత రాకముందే, నీరు తగ్గి మొక్క ఒక పక్కకు చేరినప్పుడు, యంత్రంతో తీసి గట్టుకు దూరంగా పోయాలి. గట్టు మీదే వదిలితే తొలి వానకు తిరిగి నీళ్లలోకే వెళుతుంది. విత్తు బురదలో ఏళ్ల తరబడి బతికుంటుంది కాబట్టి ఒకసారి తీసి ఫొటో దిగితే సరిపోదు.

ప్రశ్న: శివారులో ప్లాటు చూశాం. చెరువు కనబడట్లేదు, కానీ ఎఫ్‌టీఎల్‌లో ఉందంటున్నారు. అమ్మేవాళ్లు పట్టా భూమి అంటున్నారు.
— ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రెండూ నిజం కావచ్చు. అలుగు మట్టం వరకు నీరు నిలిస్తే ఎంత దూరం మునుగుతుందో అదే ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం). వేసవిలో, కరువేళ్లలో అది ఎండి మైదానంలా ఉంటుంది. అందులో శిఖం పట్టా భూములుంటాయి. నీరు తీసినప్పుడు సాగు చేసుకునే హక్కు వేరు, ఇల్లు కట్టే హక్కు వేరు. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి ఇంకో 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో మ్యాపు చూడండి, ప్రాథమిక నోటిఫికేషనో తుదిదో గమనించండి. సర్వే నంబరు పాత గ్రామ నక్షాతో సరిపోల్చుకోండి. అలుగు కాలువ ఎటు పోయేదో ఊరి ముసలివాళ్లను అడగండి, చెరువుకు దూరంగా ఉన్నా ఆ దారిలో ఉన్న ఇల్లు మునుగుతుంది.

ప్రశ్న: కొల్లేరు సహజమైన సరస్సే కదా. దాని చుట్టూ ముంపు ఎందుకు పెరిగింది?
— వరి రైతు, ఏలూరు జిల్లా

జవాబు: సహజమైనదే. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మిగిలిన పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెస్తాయి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎక్కువ నీళ్లు లోపలికి, తక్కువ నీళ్లు బయటికి. మధ్యలో వరదను కొన్నాళ్లు పరచుకోనిచ్చేదే కొల్లేరు. చేపల చెరువుల గట్లు ఆ పరుపును గదులుగా కోసేశాయి. నీటికి చోటు లేక మట్టం త్వరగా లేస్తుంది, గట్ల మధ్య వేగం తగ్గి ఒండ్రు దిగుతుంది, ఉప్పుటేరు వైపు తూడు, గుర్రపుడెక్క పేరుకుంటాయి. పోటు సమయంలో సముద్రం వెనక్కి నెడుతుంది. వేసవిలో మంచినీళ్లు తగ్గితే ఆ దారినే ఉప్పునీరు పైకి ఎక్కుతుంది.

సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో గట్లు కొట్టించారు, తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. మీ పొలం మునుగుతున్న చోట చూడాల్సినవి రెండు. మీ డ్రెయిను కొల్లేట్లో కలిసేచోట అడ్డంగా కొత్త గట్టు ఉందా, డ్రెయినులో తూడు జూన్‌లోపు తీశారా? గట్టు ఉంటే సర్వే నంబరుతో అటవీశాఖకు, డ్రెయినుల ఇంజనీరుకు విడివిడిగా రాయండి. ఒకరికే రాస్తే రెండోవాళ్ల పనంటారు.

ప్రశ్న: కట్ట మీద పచ్చదనం కోసం ఏ మొక్కలు నాటాలి?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: కట్ట మీద చెట్టు వద్దు. వాలు మీద గరిక, వట్టివేరు చాలు. వట్టివేరు పిలకలను వాలుకు అడ్డంగా వరసల్లో, పిలకకూ పిలకకూ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో జూన్, జులైల్లో నాటండి. మొదటి రెండు నెలలు పశువులు ఎక్కకుండా చూడండి. తాటి, ఈత, వేప ఏవైనా సరే, కట్ట వెనక కాలికి పది మీటర్ల అవతల నాటించండి.